ఇరవై రెండు కంతుల మంచం

జనార్ధన్ సెట్టి అంగడి మెట్లు దిగిన రోజు నా చేతిలో ఉన్నవి రెండు వందల తొంభై రూపాయలు. నడుముకు కట్టుకున్న సంచిలో రెండు వందల యాభై, చొక్కా జేబులో నలభై. అవి కాక ఒక గజం బద్ద, ఆరేండ్లు పద్దులు రాసి గట్టిపడిన చేయి. అప్పు లేదు, ఆస్తీ లేదు. అది 1955వ సంవత్సరం. ఆదోనిలో పత్తి ధర పడిపోయి చాలామంది నాలాగే మెట్లు దిగుతున్న కాలం. కాకపోతే నన్ను ఎవరూ దించలేదు, నేనే దిగాను.

సెట్టి నాకు వరసకు మామ. సామాను బాడుగకు ఇవ్వడం ఆయన వ్యాపారం. మంచాలు, బీరువాలు, మేజాలు, కుర్చీలు. రొక్కానికి ఎనభై రూపాయలు చేసే టేకు మంచాన్ని నెలకు ఐదు రూపాయల కంతు మీద ఇచ్చేవాడు. ఇరవై రెండు కంతులు కడితే మంచం కట్టినవాడి సొంతం. అంతవరకు అది సెట్టిదే. ఒక్క కంతు తప్పితే పదిహేను రోజుల గడువు ఉంటుంది. ఆ గడువులోగా మిగిలిన కంతులన్నీ ఒక్కసారిగా కట్టాలి. కట్టలేకపోతే మంచం వెనక్కి వస్తుంది, అంతకుముందు కట్టినది బాడుగ కింద పోతుంది. ఈ షరతు సెట్టి చెబుతుంటే కాగితం మీద పెట్టినది నేనే.

మొదటి కంతులు ఎవరూ తప్పరు. కొత్త మంచం మోజు ఉంటుంది, చుట్టుపక్కల వాళ్ళు చూస్తుంటారు. పదిహేను కంతులు దాటిన తర్వాతే తప్పుతారు. రెండేండ్ల లోపల ఏ ఇంట్లోనైనా ఒక వాన తప్పడమో, ఒక జబ్బో, ఒక చావో రాకుండా ఉండదు. సెట్టి లాభమంతా అందులోనే ఉంది. ఒకే మంచం నాలుగిండ్లు తిరిగి నాలుగుసార్లు వెనక్కి రావడం నా చేతి పద్దుల్లోనే ఉంది. ఆ మంచం సంపాదించినంత నేను ఆరేండ్లలో సంపాదించలేదు.

ఆ పుస్తకం రాసి నేను నేర్చుకున్నది ఒకటే. వాడినదైనా సరే, గీతలు పడినదైనా సరే, ఒక్కసారి రొక్కం పారేసి తెచ్చుకున్న వస్తువే వస్తువు. ఆ మాట మీదే నా వ్యాపారం మొదలుపెట్టాను. పాత సామాను రొక్కానికి కొనడం, బాగు చేయించడం, రొక్కానికే అమ్మడం. కర్నూలు రాజధాని అయి అప్పటికి రెండేండ్లు. కచేరీలు కొన్ని డేరాల్లో నడుస్తున్నాయి. మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాలు చాపల మీద పడుకుంటున్నారు. అక్కడ నూరు దాటి పలికే కొత్త మంచం కొనే స్తోమత వాళ్ళకు లేదు, రెండేండ్లు కంతులు కట్టే నమ్మకమూ లేదు, రాజధాని ఎప్పుడు ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు? పాత మంచం బాగున్నది ఒకటి తీసుకుపోతే డెబ్బైకి తక్కువ కాకుండా పోయేది.

పాత సామాను కొనేవాడు ముందు చూడాల్సినది చెద కాదు, ముద్ర. సెట్టి బాడుగ సామానుకు తలవైపు అడ్డపట్టె అడుగున జ అనే అక్షరం, దాని పక్కన నంబరు కాల్చి ఉంటాయి. ఇనుము ఎర్రగా కాల్చి ఆ ముద్రలు వేసినది కూడా నేనే. అందుకే ఏ ఇంటికి పోయినా మొదట మంచం కిందికి వంగేవాణ్ణి.

మొదటి మూడు నెలల్లో ఒక్క వస్తువు మీదా మోసపోలేదు.

భాద్రపదం వచ్చిన తర్వాత ఒక శనివారం ఎమ్మిగనూరులో నేతగాళ్ళ వీధికి పోయాను. బసన్న అనే నేతగాడు టేకు మంచం అమ్ముతున్నాడని తెలిసింది. ఆ ఊళ్ళో వేలిముద్రలు, కంతులు తెచ్చేది సెట్టి బండివాడు; పద్దుల్లో నంబర్లే తప్ప అక్కడి మొహాలు నాకు తెలియవు. గుంట మగ్గం ఉన్న ఇల్లు. ఆ గుంట చెమ్మ ఇల్లంతా పాకి నేల ఎప్పుడూ చల్లగా ఉంటుంది. మూలన మంచం, మంచం మీద అతని భార్య అంజినమ్మ. ముప్పై ఏండ్లు ఉండవు. ఎముకల మీద దుప్పటి కప్పినట్టు ఉంది. రొమ్ములో నీరు చేరిందని డాక్టరు చెప్పాడట. ఆమెను చెమ్మ నేల మీద పడుకోనివ్వకూడదని రెండేండ్ల కిందట ఆ మంచం తెచ్చారట. ఇప్పుడు బళ్లారి ఆసుపత్రికి తీసుకుపోవాలి. అందుకు మంచం అమ్మాలి.

"యాడ కొన్న్యావప్పా ఇది?" అని అడిగాను.

"ఆదోనిలోనే అన్నా. మంచి కర్ర. సూడు, ఒక్క పగులు లేదు."

ఆదోనిలో వడ్రంగులు పాతికమంది ఉన్నారు. సరే అనుకున్నాను. వంగి చూశాను. మంచం కింద నూలు కండెల బుట్టలు, కుంపటి, ఆమె ఉమ్మే ముంత. తలవైపు రెండు గోడల మూలకు ఆనించి ఉంది, పక్కన జొన్నల గాదె. చేయి దూర్చాను, పట్టె అందలేదు.

"ఆమెను ఒక్క గడియ చాప మీదికి దించండి. మంచం బోర్లించి సూసుకుంటా" అన్నాను.

పొయ్యి దగ్గర జొన్న పిండి కలుపుతున్న బసన్న తల్లి హుసేనమ్మ పిండి చేతులతోనే లేచి వచ్చింది.

"ఏమంటివి? మంచం బోర్లిస్తావా? ఈడ మనిషి బతికుండంగనే మంచం బోర్లిస్తావా నువ్వు?"

"పెద్దమ్మా, కింద చెద ఉండాదేమో సూడాల కదా."

"చెద నీ నోట్లో ఉండాది. పీనుగ లేసినాక బోర్లిస్తారు మంచం. పోయి మీ ఇంట్లో మీయమ్మ పండుకున్న మంచం బోర్లిచ్చుకో పో!"

మంచం మీది నుంచి అంజినమ్మ సన్నగా నవ్వింది. "నా బరువుకు దాని కింద చెద కూడా సచ్చిండదులే అన్నా" అంది.

నేను చేయి వెనక్కి తీసుకున్నాను. రోగి ఉన్న ఇంట్లో మంచం తలకిందులు చేయడం మా ఇంట్లో అయినా నేను ఒప్పుకోను. ఆ ముసలమ్మది తప్పు అనలేను. ఇంకెవరైనా వ్యాపారి అయినా అక్కడ చేయి వెనక్కే తీసుకుంటాడు. అయితే చేయి వెనక్కి తీసుకున్నవాడు డబ్బు సంచి కూడా మూసుకుని లేచి రావాలి. నేను అలా చేయలేదు. కర్ర బాగుంది, ధర తగ్గేటట్టు కనిపిస్తోంది.

బసన్న యాభై అడిగాడు. నేను ముప్పై ఐదు అన్నాను.

"నా లెక్క చెప్తా ఇను అన్నా" అన్నాడు. "పదహారు సూదులు ఏయాల అన్న్యారు. ఆసుపత్రిలో ఆ మందు లేదు, బజారులో కొనుక్కుని రావాల. ఒగటి రెండు రూపాయలు. ముప్పై రెండు ఆడికే పాయ. ఇద్దరికి బస్సుకు పోను నాలుగు, రాను నాలుగు. మేము తినకపోయినా నలభై కావాల."

"అయితే నలభై. ఇప్పుడే, ఒక్క చేత్తో. రేపు ఎవురైనా వస్తారేమో కాసుకోని ఉంటావా?"

నలభై రూపాయలు అతని చేతిలో పెట్టాను. నలభై కావాలని అతనే చెప్పాడు గనుక అంతకంటే ఒక్క రూపాయి పెంచలేదు.

మరునాడు ఆదివారం పొద్దున వాళ్ళు బస్సుకు బయలుదేరారు. అంజినమ్మ గడప దాటి వీధి మలుపు తిరిగేదాకా మంచం కదిలించడానికి వీల్లేదని హుసేనమ్మ ద్వారబంధానికి అడ్డంగా కూర్చుంది. ఆ తర్వాత కూడా మంచం ఉన్నది ఉన్నట్టే నలుగురు మోసి బండిలో పెట్టాలని, వంచకూడదని, మనిషి తిరిగి రావాల్సిన ఇల్లని చెప్పింది. అలాగే పెట్టించాను. బండికి మూడు రూపాయలు.

సోమవారం ఆదోనిలో మా కొట్టులో వడ్రంగి ఉచ్చీరప్ప మెరుగు పెట్టడానికి మంచం బోర్లించాడు. నేను బయట ఒక కుర్చీకి బేరం చేస్తున్నాను.

"సెట్టీ, ఈడ ఏందో కాల్చిండారు" అని పిలిచాడు. కొట్టు పెట్టినప్పటి నుంచి నన్నూ సెట్టి అనే పిలుస్తున్నారు.

పోయి చూశాను. జ, పక్కన 131. చివరి ఒకటి అంకె కొద్దిగా పక్కకు ఒరిగి ఉంది. నేను వేసిన ముద్రల్లో చివరి అంకె ఎప్పుడూ అలాగే ఒరుగుతుంది.

ఉచ్చీరప్ప నా మొహం చూసి నవ్వాడు. "నీ చేతిరాత నువ్వు గుర్తుపట్టకుండా దుడ్డిచ్చి తెచ్చుకున్న్యావా? బాగుండాది. రందా పెట్టి గీకేస్తా, అర్ధ గడియ పని. నువ్వు ఆ పక్కకు తిరుక్కో."

"వద్దు" అన్నాను.

మంచితనం వల్ల కాదు. సెట్టి బండివాడు ప్రతి మంచాన్నీ పన్ను ఊడిన సొంత నోటిలా ఎరుగును. మంచం ఎమ్మిగనూరులో లేదని తెలిసిన నాడే ఎవరి కొట్టులో వెతకాలో సెట్టికి తెలుస్తుంది. బాడుగ సామాను అమ్మినవాడిదీ తప్పే, ముద్ర గీకి అమ్మినవాడిదీ తప్పే. రెండోది ఇంకా పెద్దది. పైగా పాత సామాను వాడికి దొంగ సామాను వాడని పేరు వస్తే, ఆ మాట కర్నూలుకు నాకంటే ముందు చేరుతుంది.

సెట్టి అంగడిలో నా స్థానంలో చేరిన గుమాస్తాను బజారులో పట్టుకుని ఒక సోడా తాగించి 131 సంగతి అడిగాను. పందొమ్మిది కంతులు జమ. ఇరవయ్యోది తప్పింది. గడువు గురువారంతో సరి. కావాల్సినది మూడు కంతులు, పదిహేను రూపాయలు. గురువారం లోపల అవి కడితే మంచానికి చెల్లు రసీదు వస్తుంది, ముద్ర ఉన్నా లేనట్టే. కట్టకపోతే మంచం సెట్టిది, నా నలభై నీళ్ళలో.

పదిహేను నా దగ్గర లేక కాదు. ఆ రోజు నడుము సంచిలో నూట ఎనభై ఉన్నాయి. కానీ నేను కొన్నది మంచం, మంచం మీది బాకీ కాదు. ఒకడి బాకీ నా సంచి నుంచి తీర్చడం ఒకసారి మొదలుపెడితే సంచికి అడుగు ఉండదు. అమ్మినవాడి దగ్గరే ఆ పదిహేను రాబట్టాలి. ఇది న్యాయమే. ఏ పంచాయితీలో పెట్టినా నావైపే చెబుతారు.

బుధవారం బళ్లారి బస్సు ఎక్కాను. రూపాయి ఎనిమిదణాలు.

ఆసుపత్రిలో ఆడవాళ్ళ గది వెనక కిటికీ కింద బసన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఎండిన జొన్న రొట్టెను చెంబు నీళ్ళలో తడిపి తింటున్నాడు. నన్ను చూడగానే లేచాడు. అతని మొహం ఎలా వెలిగిందో చెప్పాలి, ఎందుకంటే అది నా లెక్కలో లేదు.

"ఇంత దూరం వస్తివా అన్నా! అంజినీ, మంచం సెట్టి వచ్చినాడు నిన్ను సూసిపోదామని."

కిటికీలోంచి అంజినమ్మ గొంతు వినిపించింది. నాలుగు రోజుల కిందటి గొంతు కాదు అది. కాస్త నిలబడిన గొంతు.

"మూడు సూదులు ఏసినారు అన్నా. జరం దిగినాది. నిన్న గంజి తాగితి, నిలిసినాది."

"మంచిదమ్మా" అన్నాను.

"మంచం ఎవురికీ అమ్మద్దు. నేనొచ్చినాక మల్ల నీ దగ్గరే కొనుక్కుంటాము. కంతులు గింతులు వద్దే వద్దు, ఒక్కసారే దుడ్డిచ్చి."

బసన్న చటుక్కున నా మొహం చూశాడు. కంతుల మాట ఆమె నోట వచ్చింది. నేను అతన్ని చెట్టు కిందికి పిలిచాను.

"బసన్నా, మంచం అడుగున ముద్ర ఉండాది."

అతను తల వంచుకున్నాడు. కాలితో మట్టి గీస్తూ అన్నాడు, "పందొమ్మిది కట్టినా అన్నా. ఇరవై రెండిట్లో పందొమ్మిది నావి. పలకలన్నీ నావే అయినాయి. ఇంగ ఉంటే కాళ్ళు ఆయప్పవి ఉంటాయేమో. నా మంచమే నేను అమ్మినా అనుకుంటి."

"కాళ్ళు ఆయప్పవైతే మంచం దేని మీద నిలబడతది? సొంతమైతే మొత్తం సొంతం, లేకుంటే అంగుళం కూడా కాదు. వేలిముద్ర వేసినప్పుడు చదివి చెప్పలేదా నీకు?"

"చెప్పినారు. అప్పుడు ఇట్లయితదని ఎవురనుకున్న్యారు?"

"రేపటికి గడువు అయిపోతాది. పదహైదు కట్టకుంటే సెట్టి స్టేషన్‌కు పోతాడు. బాడుగ సామాను అమ్ముకున్న్యావని రాసిస్తాడు. ఈడికే వచ్చి పట్టుకుంటారు నిన్ను. ఆమె దగ్గర ఎవురుంటారు అప్పుడు?"

ఆ మాట నేను బస్సులోనే సిద్ధం చేసుకున్నాను. అబద్ధం కూడా కాదు. సెట్టి అలా చేసేవాడే.

బసన్న తువ్వాలు కొంగు ముడి విప్పి నా ముందే లెక్కపెట్టాడు. ఇరవై ఏడు రూపాయలు.

"ఇంగ పదమూడు సూదులు. ఇరవై ఆరు వాటికే. ఈ ఒక్క రూపాయి నాకు. వచ్చేటప్పుడు నడిసైనా వస్తాము, ఎవురి బండైనా ఎక్కైనా వస్తాము. దీంట్లో పదహైదు యాడ తీసేది నువ్వే చెప్పు."

నేను ఆ నోట్ల వైపే చూస్తున్నాను.

"ఒక్క కంతు తీస్కపో. ఐదు. మిగిలింది నెల నెలా కడతా."

"కాగితంలో అట్ల లేదు. తప్పినాక అన్నీ ఒక్కసారే కట్టాల."

"అయితే నువ్వు కట్టన్నా. ఊరికి పోయి మగ్గం మీద కూసుంటే రెండు నెలల్లో తీర్చేస్తా. రెండు చీరలు నేసి ఇస్తా. సంఘం వాళ్ళు నూలు ఇస్తారు. మాయమ్మ మీద ఒట్టు."

"నా దగ్గర యాడిది? ఉండేదంతా సామాను మీద పెట్టినా" అన్నాను.

నూట ఎనభై నడుముకు ఒత్తుకుంటూనే ఉన్నాయి. అబద్ధం అంత తేలిగ్గా ఎందుకు వచ్చిందంటే, బేరంలో రోజుకు పదిసార్లు చెప్పే మాట అది. 'నా దగ్గర అంత లేదప్పా.' కొనేవాడూ చెబుతాడు, అమ్మేవాడూ చెబుతాడు, ఎవరూ నమ్మరు. బసన్న నమ్మాడు. అతను వ్యాపారి కాదు.

అతను చాలాసేపు కిటికీ వైపు చూశాడు. తర్వాత మూడు ఐదు రూపాయల నోట్లు విడదీసి నా చేతిలో పెట్టాడు.

"పన్నెండు మిగిలినాయి. ఆరు సూదులకు వస్తాయి. ఆలోపల మాయమ్మ ఏమన్నా అడిగి పంపిస్తాదేమో సూస్తా" అన్నాడు. "కాగితం నా పేరున రాపియ్యి సెట్టీ" అన్నాడు. అంతవరకు అన్నా అంటున్నవాడు అప్పుడు సెట్టీ అన్నాడు.

ఆమెకు చెప్పకుండానే వచ్చేశాను. తిరుగు బస్సుకు మళ్ళీ రూపాయి ఎనిమిదణాలు.

గురువారం అంగడి తీయగానే జనార్ధన్ మామ అంగడికి పోయాను. గుమాస్తా నన్ను చూసి ఎరగనట్టు మొహం పెట్టాడు.

"సెట్టి లేడు. ఉరుకుంద పోయినాడు, ఈరన్నస్వామికి."

గడువు చివరి రోజున సెట్టి ఎప్పుడూ ఊళ్ళో ఉండడు. ఆరేండ్లలో ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. వచ్చినవాడు డబ్బు చేత్తో పట్టుకుని తిరిగి పోతాడు, తెల్లవారితే గడువు దాటుతుంది.

"శ్రావణం జాతర అయిపోయినాక ఈరన్న దగ్గర ఏం పని మామకు?" అన్నాను గట్టిగా. "సరే, ఉరుకుంద నుంచి ఎప్పుడైనా రానీ. నేను పోస్టాఫీసుకు పోయి పదహైదు మనియార్డరు చేస్తా. ఈ పొద్దు తేదీ వేసి రసీదు ఇస్తారు. జడ్జి ముందర ఆ తేదీ చాలు."

లోపలి గదిలో దగ్గు వినిపించింది. జనార్ధన్ మామ తెర తొలగించుకుని వచ్చాడు.

"రాప్పా, రా. ఉప్పు తిన్న ఇల్లు మర్చిపోలేదు నువ్వు. 131తో నీకేం పని?"

"రొక్కానికి కొన్న్యాను."

"నా మంచం నువ్వు కొన్న్యావా?" పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆరేండ్లు ముద్రలు కాల్చినోడివి, నీ ముద్ర నీకే కాలిందా! ఏమాయె, బోర్లిచ్చి సూడలేదా?"

"ఇంట్లో రోగి ఉన్న్యాది."

నవ్వు ఆపాడు. అది ఆయనకు కూడా అర్థమయ్యే మాట. "అట్లయితే బోర్లియ్యరాదు. నిజమే" అన్నాడు. గల్లాపెట్టె మీద నేను పెట్టిన నోట్లు తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు. "ఈ దుడ్డు నీదా?"

"బసన్నది. మంచం అమ్మినోడిది."

"ఆసుపత్రిలో ఉన్న్యాడంట కదా వాడు."

"ఆడికి పోయే తెచ్చినా."

జనార్ధన్ మామ కొంతసేపు నన్నే చూశాడు. అంతకుముందు ఎప్పుడూ ఆయన నన్ను అంత శ్రద్ధగా చూడలేదు. ఆరేండ్లు జీతం పెంచమని అడిగినప్పుడు కూడా చూడలేదు.

"నేనైతే వాడు ఊరికి వచ్చేదాకా ఆగేటోణ్ణి అప్పా" అన్నాడు. "నువ్వు పైకి వస్తావు."

చెల్లు రసీదు బసన్న పేరునే రాయించుకున్నాను. లారీ ఎక్కించి మంచాన్ని కర్నూలు పంపాను. రెవిన్యూ కచేరీ గుమాస్తా ఒకాయన డెబ్బై ఐదుకు తీసుకున్నాడు. రసీదు చూపిస్తే అడుగున ఉన్న ముద్ర గురించి ఒక్క మాట అడగలేదు. ఆయన భార్య పలకలు తుడుస్తూ, ఎవరైనా రోగులు వాడిన మంచమా అని అడిగింది. నేతగాళ్ళ ఇంటిదమ్మా, శుభ్రమైన మనుషులు అన్నాను.

నెల దాటిన తర్వాత బసన్న మా కొట్టుకు వచ్చాడు. తల గొరిగించుకుని ఉన్నాడు. నేను అడగక ముందే తెలిసింది. కూర్చోమన్నాను. అమ్మకానికి పెట్టిన కుర్చీల్లో దేని మీదా కూర్చోకుండా గడప పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"మా వీధిలో అందరూ నన్ను దొంగ అంటాండారు" అన్నాడు. "బాడుగ మంచం అమ్ముకున్న్యాడు, అందుకే పెండ్లాం సచ్చె అంటాండారు. ఆమె అన్నలు కోసిగి నుంచి వచ్చి, కర్మ రోజున అందరి ముందర అడిగినారు. నా పేరున చెల్లు కాగితం ఉండాది కదా, అది ఇయ్యి సెట్టీ. చూపించుకుంటా."

కాగితంతో నాకు ఇక పని లేదు. తీసి ఇచ్చాను. అతనికి చదువు రాదు. తన పేరు ఎక్కడ ఉందో చూపించమన్నాడు. చూపించాను. ఆ చోట వేలు పెట్టి కొంతసేపు ఉంచాడు.

"ఎన్ని సూదులు పన్న్యాయి?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. లెక్క సగంలో వదలడం అలవాటు లేదు.

"ఎనిమిది. మూడు నువ్వు వచ్చేటప్పటికే పన్న్యాయి. ఆ పన్నెండులో ఐదు తెచ్చినా. రెండు రూపాయలు అన్నానికి పాయ, నాకు కూడా జరమొచ్చె, తినకుండా ఉండలేకపోతి. మాయమ్మ ఎవురిని అడిగినా లేదనిరి." కాగితం మడిచి తువ్వాలు కొంగులో కట్టుకున్నాడు. "ఎనిమిదో సూదికి ఆమె లేసి కూసున్న్యాది. డాక్టరు బాగైతది, ఆపద్దు అన్న్యాడు. ఆపితే మొదటికంటే గట్టిగా వస్తాది అన్న్యాడు. మూడు దినాలు ఆపేతలికి మల్ల జరం వచ్చె. ఆయప్ప చెప్పినట్లే వచ్చె. గంజి నిలవలేదు. ఇంగ ఐదు దినాలు ఉన్న్యాది."

బయట జిన్నింగు మిల్లు కూత వేసింది. పత్తి దుమ్ము వీధిలోకి లేస్తోంది. ఉచ్చీరప్ప రందా ఆపి, చేతిలో పని లేనట్టు చెక్కపొట్టు పక్కకు తోస్తున్నాడు.

బసన్న లేచాడు. గడప దాటి, మళ్ళీ తిరిగి నిలబడ్డాడు.

"ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. నాకు లెక్కలు తెలీవు, అందుకే అడుగుతాండా. ఆ పదహైదు నువ్వే కట్టింటే నీకు నష్టమొచ్చుండెనా?"

"వచ్చుండె" అన్నాను.

"అట్లయితే సరే" అన్నాడు. నిజంగానే అతని మనసు కొంచెం తేలికపడినట్టు కనిపించింది. "నష్టమొస్తే ఎవురు మాత్రం కడతారు?" అని వీధిలోకి దిగి పోయాడు.

ఉచ్చీరప్ప నావైపు చూడలేదు. ఆ రోజు సాయంత్రం తన కూలి అడిగి తీసుకుని, మరునాటి నుంచి పనికి రాలేదు. వేరే వడ్రంగిని పెట్టుకున్నాను. ఆ ఏడాది చివరికి మా కొట్టు రెండు అరలు అయింది. 131 మీద లెక్క మాత్రం అప్పుడే రాసి పెట్టాను, ఇప్పుడూ ఉన్నది ఉన్నట్టే చెబుతాను.

అమ్మిన వెల డెబ్బై ఐదు. బసన్నకు ఇచ్చినది నలభై. ఎమ్మిగనూరు బండికి మూడు, కర్నూలు లారీకి మూడు, మెరుగుకు ఒకటి. బళ్లారికి రాను పోను మూడు. మిగిలినది ఇరవై ఐదు రూపాయలు. బళ్లారికి పోకుండా ఆ పదిహేను నేనే కట్టి ఉంటే పదమూడు మిగిలేవి. నష్టం వచ్చేది కాదు. బళ్లారికి పోయి వచ్చినందుకు నాకు అదనంగా దక్కినది పన్నెండు రూపాయలు.